గేమ్ లాయర్ల కాన్ఫరెన్స్‌కు పోతున్నరా? వరంగల్ నుంచి బయల్దేరే ముందు చేసుకోవాల్సిన పనులు

ఈమధ్య హన్మకొండ అదాలత్ కాడ బార్ రూంలో కూసున్నప్పుడు ఇద్దరు ముగ్గురు జూనియర్లు వచ్చి ఒకటే ముచ్చట అడుగుతున్నరు, అన్నా వీడియో గేమ్ కంపెనీల లాయర్లకని సెపరేటుగా కాన్ఫరెన్సులు జరుగుతున్నయంట గదా, మేం పోవచ్చా, పోతే ఏం సదువుకొని పోవాలె, అక్కడ మనల్ని ఎవరన్న పట్టించుకుంటరా అని. ఒక్కొక్కరికి చాయ్ తాగుకుంట అరగంట చెప్పే బదులు అంతా ఒక్కకాడ రాసి పెడుతున్న. నాది సివిల్ ప్రాక్టీసు, భూమి కేసులు, బ్యాంకు కేసులు, దాంతోపాటు కొన్నేండ్ల నుంచి చిన్న చిన్న గేమ్ స్టూడియోలకు అగ్రిమెంట్లు రాస్తున్న. ఎన్ఐటీల సదువుకొని ఇక్కడ్నే రూం తీసుకొని గేములు చేసే పిల్లలు, మడికొండ ఐటీ పార్క్ దిక్కు ఉద్యోగం చేసుకుంట రాత్రిళ్లు సొంత గేమ్ చేసుకునేటోళ్లు, వీళ్లే నా క్లయింట్లు.

మొదటిసారి పోయినప్పుడు నేను చేసిన తప్పు ముందే చెప్తా, మీరు చెయ్యొద్దని. గేమింగ్ లా అనంగనే నాకు తెల్సింది రమ్మీ, పందెం, గెలిచేది స్కిల్‌తోనా ఛాన్స్‌తోనా అనే వాదన, అందుకని సుప్రీంకోర్టు జడ్జిమెంట్లు అన్నీ ప్రింట్ తీసి లావు ఫైల్ కట్టుకొని పోయిన, పోతే అక్కడ రెండ్రోజులు పబ్లిషింగ్ అగ్రిమెంట్లు (గేమ్‌కు పైసలు పెట్టి అమ్మిపెట్టే కంపెనీతోని ఒప్పందాలు), మైల్‌స్టోన్లు (పని ఎంతైతే అంత పైసలిచ్చే దశలు), వాయిస్ యాక్టర్ల కాంట్రాక్టులు, పిల్లల డేటా గురించే మాట్లాడిన్రు, నా ఫైల్ బ్యాగులకెళ్లి బయటికి రాలే. నా క్లయింట్‌కు అవసరమైన ప్రశ్న నా దగ్గర ఉండె గాని దాన్ని ఎట్ల అడగాల్నో తెల్వక అడగకుంటనే తిరిగొచ్చిన. అది ఇప్పటికీ బాధనే.

అందుకే అజెండా చేతికి రాంగనే ఈ ఒక్కటి చూస్కోండి. మన దేశంల గేమింగ్ లా అనే మాట కింద రెండు వేరే లోకాలున్నయి. స్కిల్, ఛాన్స్, జీఎస్టీ, పేమెంట్ గేట్‌వే అని కనబడితే అది పైసలాటల సభ. పబ్లిషింగ్, లైసెన్సింగ్, ఇంజిన్, స్టోర్, ప్రైవసీ, ఏఐ అని కనబడితే అది వీడియో గేముల సభ. రెండూ కలిసి ఉండేయి గూడ ఉంటయి, అట్లాంటప్పుడు ఏ రోజు ఏ హాల్ల కూసోవాల్నో పెన్సిల్‌తోని ముందే గీత పెట్టుకోవాలె.

అయితే మీరు పోయేది వీడియో గేముల సభనే అయినా పైసలాటల చట్టం మీద రెండు నిమిషాలు తడబడకుంట చెప్పేంత తయారీ ఉండాలె, ఎందుకంటే మీరు తెలంగాణ నుంచి అని తెల్వంగనే బెంగళూరోళ్లైనా ఢిల్లీవోళ్లైనా అడిగే మొదటి ప్రశ్న అదే. మన దగ్గర్నే గదా చానా కథ మొదలైంది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1968ల చెప్పిన సత్యనారాయణ కేసు పుట్టింది సికింద్రాబాద్‌ల ఒక రిక్రియేషన్ క్లబ్ నుంచి. ఆ తర్వాత 1974 గేమింగ్ చట్టం వచ్చింది, దాంట్ల స్కిల్ ఆటలకు మినహాయింపు ఉండె, 2017ల మన రాష్ట్రం ఆర్డినెన్సులు తెచ్చి, ఆ తర్వాత సవరణ చట్టం చేసి పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ఆ మినహాయింపు లేకుంట చేసింది. ఇగ 2025ల కేంద్రమే చట్టం చేసింది, ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం, మూడ్రోజుల్ల అయిపోయింది. స్కిల్ అయినా ఛాన్స్ అయినా రెండూ కలిసినా సరే, పైసలు పెట్టి పైసలు గెల్సే ఆన్‌లైన్ ఆట నడపొద్దు అన్నది. నడిపితే 3 ఏండ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా, అడ్వర్టైజ్‌మెంట్ ఇస్తే 2 ఏండ్లు, 50 లక్షలు. ఆడేటోళ్లకు శిక్ష లేదు. దాని మీద వేరే వేరే హైకోర్టుల్ల పడ్డ పిటిషన్లను సుప్రీంకోర్టు తన దగ్గరికే తెప్పించుకుంది, కాబట్టి బయల్దేరే ముందురోజు రాత్రి ఆ కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి చూస్కోని పోవాలె, పోయిన నెల సంగతి ఈ నెల చెప్తే అక్కడ్నే పట్టుకుంటరు.

ఇక్కడ ఒక పాయింట్ మీద జర ఎక్కువసేపు కూసోవాలె. ఆ చట్టంల అదర్ స్టేక్స్ అనే నిర్వచనం ఉంది, క్రెడిట్లు, కాయిన్లు, టోకెన్లు, అసలైనయైనా వర్చువల్‌వైనా, పైసలు పెట్టి కొన్నయైతే దాంట్లకే వస్తయి. ఇంకోదిక్కు ఆన్‌లైన్ సోషల్ గేమ్‌కు సబ్‌స్క్రిప్షన్ ఫీజు తీసుకోవచ్చు గాని పందెం ఉండొద్దు అన్నది. ఇప్పుడు వీడియో గేముల లూట్ బాక్స్ సంగతి ఆలోచించండి, పిల్లగాడు పైసలిచ్చి కాయిన్లు కొంటడు, కాయిన్లతోని పెట్టె తెరుస్తడు, పెట్టెల ఏమొస్తదో తెల్వదు, వచ్చిన స్కిన్ (గేమ్‌ల బొమ్మకు ఏసే వేషం) బయట ఎవరికన్న అమ్ముకునే వీలుంటే అది ఎటు పడ్తది? బెల్జియంల గేమింగ్ కమిషన్ 2018లనే కొన్ని గేముల్ల పైసలిచ్చి తెరిచే పెట్టెలు జూదం చట్టానికి విరుద్ధం అన్నది. మన చట్టం చదివి, ఆ నిర్వచనం మీద మీ సొంత అభిప్రాయం అరపేజీ రాసుకొని పోండి. తప్పైనా పర్వాలేదు. అభిప్రాయం ఉన్నోడితోనే అక్కడ మాట కలుస్తది, అన్నిటికీ తలకాయ ఊపేటోడితోని కాదు.

ఇగ అసలు తయారీ. నన్నడిగితే సెక్షన్లు తర్వాత, ముందు గేములు ఆడాలె. ఇది నేను మాటవరసకు చెప్తలేను, భూమి కేసు వాదించేటోడు ఒక్కసారన్న పొలం కాడికి పోయి హద్దురాళ్లు చూసొస్తడు గదా, ఇదీ గంతే. నెలరోజుల ముందు మొదలువెట్టి మూడు రకాలు ఆడండి, ఒకటి ఫ్రీగ దొరికి లోపల పైసలడిగే మొబైల్ గేమ్, ఒకటి పైసలు పెట్టి కొనే కంప్యూటర్ గేమ్, ఒకటి పది మందితోని కలిసి మాట్లాడుకుంట ఆడేది. గెలవాల్సిన పని లేదు. నోట్‌బుక్ పక్కన పెట్టుకొని ఎక్కడ వయసు అడిగింది, ఎక్కడ టర్మ్స్‌కు ఒప్పుకో అన్నది, ఎక్కడ మైక్, కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగింది, ఎక్కడ మొదటిసారి పైసలడిగింది, రీఫండ్ ఎక్కడ దాచిపెట్టింది అని టైంతో సహా రాస్కోండి, స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి.

మా అక్క కొడుకు ఆరో తరగతి, పరకాల్లో ఉంటరు, దసరా సెలవులకు వచ్చినప్పుడు వాని పక్కన కూసోని వాడు ఆడే గేమ్ చూసిన. లెవెల్ ఓడిపోంగనే ఒక పెట్టె ఎగిరొచ్చింది, దాని నెత్తిన పది నిమిషాల గడియారం, 9:58, 9:57 అని తగ్గుకుంట పోతుంది, కింద ఇంత పెద్ద ఆకుపచ్చ బటన్, వద్దు అనే బటన్ మాత్రం బూడిద రంగుల, అద్దాలు పెట్టుకుంటే తప్ప నాకు కనబడలే. "మామా, టైం అయిపోతే ఆఫర్ పోతది, జల్ది" అని వాడు నా చెయ్యి గుంజుతున్నడు. నేను కావాలని ఆగిన. పది నిమిషాలైంది, పెట్టె పోయింది, రెండు లెవెల్స్ తర్వాత మళ్ల అదే పెట్టె, మళ్ల అదే పది నిమిషాలు. తొందర పెట్టనీకె అబద్ధపు గడువు చూపెట్టుడు, దీన్నే ఫాల్స్ అర్జెన్సీ అంటరు, 2023 నవంబర్ల కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఇచ్చిన గైడ్‌లైన్స్‌ల 13 డార్క్ ప్యాటర్న్‌ల, అంటే మనల్ని మాయచేసి బటన్ నొక్కిపిచ్చే డిజైన్ల, లిస్టు ఉంది, దాంట్ల మొట్టమొదటిదే ఇది. ఆ స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది గనకనే ఆ తర్వాత ఒక సభల ఆ అంశం మీద లేచి ప్రశ్న అడగగలిగిన, అడిగినంక ఒక పెద్ద స్టూడియో ఇన్‌హౌస్ లాయరమ్మ నా దగ్గరికి వచ్చి తనంతట తాను పలకరించింది.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి డేటా చట్టం గురించి. విదేశాల లాయర్లు ఉన్న సభకు పోతే మనోళ్లను ఎక్కువ అడిగేది ఇదే. అమెరికాల పిల్లల ప్రైవసీ చట్టం 13 ఏండ్ల లోపోళ్లకు, యూరప్‌ల దేశాన్ని బట్టి 13 నుంచి 16, మన 2023 డిజిటల్ డేటా చట్టంల మాత్రం 18 నిండనోళ్లంతా పిల్లలే. అంటే ఇంటర్ సెకండియర్ పిల్లగాడు గేమ్‌ల అకౌంట్ తెరవాల్నన్నా తల్లిదండ్రుల సమ్మతి, అదీ నిజంగ వాళ్లే ఇచ్చిన్రని తేల్చుకునేటట్టు ఉండాలె, వాని కదలికలను ట్రాక్ చేసి యాడ్స్ చూపెట్టొద్దు, ఈ పిల్లల నిబంధనలు తప్పితే జరిమానా 200 కోట్ల దాకా. రూల్స్ 2025 నవంబర్ల వచ్చినయి, అన్నీ ఒకేసారి కాకుంట దశలవారీగా అమల్లకు వస్తయి, ఆ తేదీలు ఒక కార్డు మీద రాసి జేబుల పెట్టుకోండి. దీనికి తోడు మైనర్ చేసుకున్న కాంట్రాక్ట్ చెల్లదని మనకు 1903 మొహరీ బీబీ కేసు నుంచి ఉన్నదే, ఫస్టియర్ల కంఠస్థం పట్టినం గదా. బటన్ నొక్కి ఒప్పుకున్న టర్మ్స్‌కు ఆ పాత కేసు ఎట్ల వర్తిస్తది అనేది కూసోని ఆలోచిస్తే మంచి ప్రశ్న తయారైతది.

విదేశీ కేసులు ఎన్ని సదవాలె అని అడుగుతరు. అన్నీ వద్దు, నాలుగైదు చాలు, కానీ ఒక్కటన్న జడ్జిమెంటే మొత్తం సదవండి, సమ్మరీ కాదు. నేనైతే 2012 టెట్రిస్ కేసు చెప్త. ముక్కలు పైనుంచి పడుడు, వరుస నిండితే మాయమవుడు, ఇవి ఆట రూల్సు, వాటికి కాపీరైట్ లేదు, కానీ ముక్కల రూపం, రంగులు, బోర్డు కొలత, ఇట్ల చూపుకు కనబడే తీరు మొత్తం దించేస్తే అది ఉల్లంఘన అని న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు చెప్పింది. మన దగ్గర 1978 ఆర్.జి. ఆనంద్ కేసు సదివినోళ్లకు ఇది వెంటనే అర్థమైతది, ఆలోచనకు రక్షణ లేదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకొని సదవండి. మిగిలినయి పైపైన చూస్తే సరిపోతది: వీడియో గేములకు గూడ పుస్తకాల లెక్కనే భావప్రకటన రక్షణ ఉందని అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన 2011 బ్రౌన్ కేసు, ఫోర్ట్‌నైట్ మీద 2022 డిసెంబర్ల అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేయించిన 52 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్, అందుల 27.5 కోట్లు పిల్లల ప్రైవసీకి, 24.5 కోట్లు డార్క్ ప్యాటర్న్‌లతోని కొనిపిచ్చినందుకు. ఫోర్ట్‌నైట్ చేసిన ఎపిక్ కంపెనీకి, యాపిల్‌కు మధ్యన 2020ల మొదలైన యాప్ స్టోర్ కొట్లాట. ఏఐ ఎందుకు అజెండాల ఉందో తెల్వాలంటే, గొంతు కాపీ చేసే విషయంల రక్షణ కావాలని అమెరికా యాక్టర్ల యూనియన్ గేమ్ కంపెనీల మీద 2024 జులై నుంచి దాదాపు ఏడాది చేసిన సమ్మె గురించి జర సదివి పోండి.

కేసులకన్నా ఎక్కువ పనికొచ్చేది మాటలు తెలుసుడు. బిల్డ్ అంటే ఏంది, అసెట్ అంటే ఏంది, పోర్ట్ చేసుడు, లైవ్ ఆప్స్, మైల్‌స్టోన్ అంటే ఏంది అని తెల్వకపోతే సెషన్ అంతా ఎగిరిపోతది. దీనికి పుస్తకం అక్కర్లేదు, గేమ్ చేసే పిల్లగాన్ని ఒకన్ని పట్టుకొని ఒక సాయంత్రం కూసోండి చాలు, సంతోషంగ చెప్తరు. అన్నిట్ల ముఖ్యమైన మాట రీకూప్, అంటే పబ్లిషర్ ముందు ఇచ్చిన పైసలు ఎవరి వాటాల నుంచి వసూలు చేసుకుంటడు అనేది. లెక్క ఏసి చూపెడ్త. పబ్లిషర్ 50 లక్షలు అడ్వాన్స్ ఇచ్చిండు అనుకోండి, గేమ్ కోటి రూపాయలు అమ్ముడైంది, స్టోర్ 30 శాతం పట్టుకుంటే 70 లక్షలు చేతికొచ్చినయి, వాటా చెరి సగం. మొత్తం ఆమ్దానీల నుంచి ముందు 50 లక్షలు తీసుకొని మిగిలిన 20 పంచుకుందాం అని ఉంటే డెవలపర్‌కు 10 లక్షలొస్తయి. అట్ల కాకుంట డెవలపర్ వాటాలకెళ్లే వసూలు చేసుకుంట అని ఉంటే, వాళ్ల వాటా 35 లక్షలు మొత్తం పబ్లిషరే పట్టుకుంటడు, చేతికి ఒక్క రూపాయి రాదు, పైనుంచి ఇంకా 15 లక్షలు బాకీ. అగ్రిమెంట్ల తేడా ఒక్క లైనే. ఈ లెక్క మీరు కాగితం మీద సొంతంగ ఏసుకొని పోతే పబ్లిషింగ్ సెషన్ల చెప్పేది సగం కన్నా ఎక్కువ అర్థమైతది.

ఇగ నా లెక్కల అన్నిటికన్నా పెద్ద పని, మీ క్లయింట్‌ది ఒక నిజమైన సమస్య తీసుకొని దాన్ని ప్రశ్న లెక్క తయారుచేసుడు. సుబేదారిల ఒక చిన్న స్టూడియో ఉంది, ముగ్గురు పిల్లలు, ఒక ఇంటి మీది రూంల నాలుగు కంప్యూటర్లు, కాకతీయుల కాలంల నడిచే గేమ్ చేస్తున్నరు. తోరణం, వెయ్యి స్తంభాల గుడి ఏనుగులు, సైనికుల బట్టలు, అన్నీ ఒకే ఒక్క ఆర్టిస్ట్ గీసిండు, జీతం మనిషి కాదు, బొమ్మకింత అని మాట్లాడుకున్నరు. ఆ అబ్బాయి నా ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఏనుగు బొమ్మ పెద్దగ చేసి చూపిచ్చిండు, తొండం మీది గొలుసు ఒక్కొక్క కడెం వేరే వేరేగ గీసిండు, గుడికాడ రాయి అరిగిపోయి కనబడని కాడ తనే ఊహించి పూర్తి చేసిండట, మూడు వారాలు పట్టిందన్నడు. కాగితం ఏదన్నా ఉందా తమ్మీ అంటే వాట్సాప్‌ల పంపిన ఫైళ్లు, యూపీఐల వచ్చిన పైసలు చూపెట్టిండు. గంతే.

ఇప్పుడు కాపీరైట్ చట్టం 1957 తీయండి. సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగి డ్యూటీల చేసిన పనికి, వేరే ఒప్పందం లేకుంటే, యజమానే ఓనర్, బయటి ఆర్టిస్ట్ అయితే మామూలుగ ఆర్టిస్టే ఓనర్. 17(బి)ల పైసలిచ్చి గీయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ అని ఉంది గాని గేమ్‌ల త్రీడీ ఏనుగు పెయింటింగ్ కిందికొస్తదా అనే వాదన పెట్టుకోని కోర్టు చుట్టు తిరిగేకన్నా సంతకం పెట్టిచ్చుకునుడు సులువు. సెక్షన్ 19 చూడండి, హక్కు రాసిచ్చుడు రాతపూర్వకంగ సంతకంతోనే ఉండాలె, కాలం రాయకపోతే 5 ఏండ్లే, ఏరియా రాయకపోతే ఇండియా వరకే, తీసుకున్న హక్కును ఏడాదిల వాడకపోతే, అగ్రిమెంట్ల వేరే తీరుగ రాసుకోకుంటే, అది పోయినట్టే. గేమ్ చేసుడే మూడేండ్లు పడ్తది, స్టోర్ల పెడితే మొదటి రోజే ప్రపంచమంతా అమ్ముతరు. ఈ మూడు లైన్లు తెల్వక మంచి మంచి స్టూడియోలు పబ్లిషర్ ముందు కూసున్నప్పుడు ఇరుక్కుంటయి. బయటి దేశాల లాయర్లు పంపే అగ్రిమెంట్ నమూనాల్ల మన సెక్షన్ 19ని పట్టించుకోనియే ఎక్కువ, మనం వాళ్లకు చెప్పగలిగేది ఇది.

దీన్ని నేను ఇట్ల ప్రశ్న చేసుకున్న: ఇండియాల ఫ్రీలాన్సర్ గీసిన అసెట్లు (గేమ్‌ల వాడే బొమ్మలు) ఉన్న గేమ్‌ను విదేశీ పబ్లిషర్ తీసుకునేటప్పుడు, పాత పనికి ఇప్పుడు అసైన్‌మెంట్ (హక్కు రాసిచ్చే కాగితం) రాయించుకుంటే మీరు ఒప్పుకుంటరా, ఇంకేమన్న వారంటీ అడుగుతరా? ఒక్క వాక్యమే. స్టూడియో పేరు లేదు, ఊరు లేదు, గేమ్ కథ లేదు. క్లయింట్ చెప్పింది బయట చెప్పొద్దు అనేది మనకు కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 132ల ఉన్నదే, పాత చట్టంల 126. కాన్ఫరెన్స్ చాయ్ కాడ నోరు జారుడు చానా అలకగ అయితది, రిలీజ్ కాని గేమ్ పేరు గూడ రహస్యమే. పోయే ముందు క్లయింట్‌కు ఫోన్ చేసి, నేను ఈ సంగతి పేర్లు లేకుంట అడుగుతున్న, పర్వాలేదా అని అడిగి మెసేజ్ పెట్టిచ్చుకోండి.

ఇంగ్లిష్ గురించి భయపడేటోళ్లు మస్తు మంది. నేను గూడ పది దాకా తెలుగు మీడియమే, నర్సంపేట సర్కారు బడి. ప్రశ్న కాగితం మీద రాసుకొని ఇంట్ల గట్టిగ నాలుగుసార్లు చదువుకోండి, లేచినప్పుడు కాగితం చూసి చదివినా తప్పు లేదు, అక్కడ పెద్ద పెద్దోళ్లు గూడ చూసే చదువుతరు. మాట్లాడే తీరు కాదు, ప్రశ్నల సరుకు ఉందా అని చూస్తరు.

విజిటింగ్ కార్డు విషయంల మనోళ్లు ఎక్కువ తప్పు చేస్తరు. బార్ కౌన్సిల్ రూల్ 36 ప్రకారం అడ్వకేట్ తన పనికి ప్రచారం చేసుకోవద్దు, బోర్డు మీద గాని స్టేషనరీ మీద గాని ఫలానా పనిల స్పెషలిస్ట్ అని గూడ రాసుకోవద్దు. కాబట్టి గేమింగ్ లా స్పెషలిస్ట్, గేమ్ లా ఎక్స్‌పర్ట్ అని కార్డు కొట్టియ్యకండి, పేరు, అడ్వకేట్, అడ్రసు, ఫోన్, మెయిల్ చాలు. స్టూడియోలోళ్లు కనబడితే మీ కేసులు నాకియ్యండి అని అడుగుడు తప్పు, వాళ్లు చేసే గేమ్ గురించి అడగండి, వాళ్లకు అవసరం పడ్తే వాళ్లే చేస్తరు. బట్టల సంగతి, కోర్టు బ్యాండ్, గౌన్ ఏసుకొని పోవద్దు, అవి బయట పబ్లిక్ జాగల్ల ఏసుకోవద్దనే రూల్ ఉంది. మామూలు షర్ట్, ప్యాంట్, లేదంటే మంచి చీర, డ్రెస్, గేమ్ ఇండస్ట్రీల టీషర్ట్ మీద వచ్చే లాయర్లు గూడ ఉంటరు.

ప్రయాణం గురించి తక్కువే చెప్త. హైదరాబాద్‌ల అయితే హన్మకొండ బస్టాండ్ల ఎక్కి ఉప్పల్ల దిగండి, అక్కడ్నుంచి మెట్రో బ్లూ లైన్ మారకుంట నేరుగ హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా పోతది. పొద్దుగాల తొమ్మిదికి రిజిస్ట్రేషన్ అంటే మాత్రం ముందురోజు రాత్రే పోయి పండుకోండి, తెల్లారి కాజీపేట నుంచి రైలుకు పోదాం అనుకుంటే మొదటి సెషన్ పోతది, గేమ్ డెవలపర్ల సభల్ల చట్టం సెషన్లు ఒకటి రెండే ఉంటయి, అవి పోతే పోయిన పనే లేదు. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ చానా ఏండ్లు హైదరాబాద్‌లనే అయింది, 2025ల చెన్నైకి పోయింది, కాబట్టి జాగ ఎక్కడో ప్రతి ఏడాది చూస్కోవాల్సిందే. అమెరికాల మార్చి నెలల జరిగే జీడీసీ (గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్) లాంటిదానికి పోవాల్నుకుంటే వీసా ఇంటర్వ్యూకే నెలలకు నెలలు పట్టొచ్చు, ఆహ్వాన లెటర్ ముందే తెప్పిచ్చుకోని పెట్టండి. కోర్టు పనికి గూడ ఏర్పాటు చేస్కోండి, ఆ రోజుల్ల ఉన్న వాయిదాల లిస్టు రాసి, ఏది మిత్రుడు చూస్తడు, దేనికి టైం అడగాలె అని వారం ముందే పంచుకోండి, సాక్షి ఎగ్జామినేషన్ ఉన్న కేసును మాత్రం ఎవరిమీదా నెట్టొద్దు, క్లయింట్‌కు మీరే ఫోన్ చేసి చెప్పాలె.

సభల కూసున్నప్పుడు స్పీకర్ స్లయిడ్ అంతా ఎక్కించుకోవద్దు, అది తర్వాత దొరుకుతది. నోట్‌బుక్ పేజీ నడుమ గీత గీసి, ఎడమదిక్కు వాళ్లు చెప్పిన మాట, కుడిదిక్కు ఇది నా ఏ క్లయింట్‌కు పనికొస్తది అని రాస్కోండి. కుడిదిక్కు ఖాళీగ ఉంటే ఆ సెషన్ల ఇంకెక్కువ రాయొద్దు. స్పీకర్ల చుట్టు గుంపు కట్టి సెల్ఫీలకు నిలవడేకన్నా భోజనం కాడ ఒక్కరే కూసున్నోళ్ల పక్కన కూసోండి, అట్ల కూసున్నోళ్లు చానాసార్లు స్టూడియోల లోపల పనిచేసే లాయర్లు, రోజూ ఈ అగ్రిమెంట్లే చూసేటోళ్లు. నేను ప్రతిసారి ఇంటి నుంచి ఒక సకినాల ప్యాకెట్ పట్టుకపోత, సాయంత్రం చాయ్ కాడ తీస్త, ఇదేందని అడుగుతరు, మాట అక్కడ్నే మొదలైతది.

తిరుగు ప్రయాణంల పండుకోకండి. ఘట్‌కేసర్ దాటేలోపు ఎవరెవరు కలిసిన్రు, ఏం మాట్లాడిన్రు అనేది ప్రతి కార్డు ఎనక రెండు ముక్కలు రాయండి, రెండ్రోజుల్ల ఒక చిన్న మెయిల్ పెట్టండి, మాట్లాడిన సంగతి గుర్తుచేసి థ్యాంక్స్ చెప్పండి, పని అడగకండి. వారం లోపు ఆ ప్రశ్న ఎవరి కోసం అడిగిన్రో ఆ క్లయింట్ దగ్గరికి పోయి కూసోండి.

ఏనుగు గీసిన పిల్లగానితోని నేను అట్లనే కూసున్న. స్టూడియో రూంల ఫ్యాన్ కింద ముగ్గురు ఒకదిక్కు, ఆ ఆర్టిస్ట్ ఒకదిక్కు. తెలుగుల చదివి వినిపిచ్చిన, ఏ హక్కు ఇస్తున్నవో, దానికి ఎంత వస్తదో, గేమ్‌ల నీ పేరు ఎక్కడ పడ్తదో అన్నీ. పైసలు తక్కువైనయి అన్నడు, నిజమే తక్కువే, నలుగురు మాట్లాడుకొని పెంచిన్రు, అమ్మకాలల్ల చిన్న వాటా గూడ రాసిన్రు. కాలం అనే కాడ కాపీరైట్ ఉన్నంతకాలం అని, ఏరియా అనే కాడ ప్రపంచమంతా అని, ఏడాదిల వాడకున్నా హక్కు పోదు అని మూడు లైన్లు ఆ పిల్లగాన్నే చదవమన్న, చదివి, ఒక్కొక్క లైన్ పక్కన చిన్న సంతకం పెట్టి, చివరి పేజీల పెద్దది పెట్టిండు.